బరంపురం కోర్టుపేటలో టైపు మాస్టారి దుకాణం: మా ఆయన వీసా ఫారం నింపించిన చోటు

నాది ఒడిశాలోని బరంపురం, మా ఆయనది ఫిలిప్పీన్స్. మస్కట్‌లో ఒకే ఆసుపత్రిలో ఇద్దరం నర్సులం. పెళ్లయి మూడేళ్లవుతున్నా ఆయన మా ఊరు చూడలేదు. ఒకరికి సెలవు దొరికితే ఇంకొకరికి దొరకలేదు. మొన్నటి డిసెంబరులో ఇద్దరికీ కుదిరింది. గోపాలపురం సముద్రం, రంభ దగ్గర చిలికా, కొండ మీద తారాతారిణి, అమ్మ చేతి వంట. ఇన్నీ చూపించాలంటే ముందు ఆయనకు భారత టూరిస్టు వీసా రావాలి. ఆ వీసా ఫారాన్ని సరిగ్గా నింపిపెట్టిన చిన్న దుకాణం గురించి ఇది. మన వైపు పరాయి దేశపు అల్లుళ్లు, కోడళ్లు ఉన్న ఇళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మాస్టారి దగ్గరికి వెళ్లకముందు నేను చేసిన తప్పు మొదట చెప్పాలి. నవంబరు మొదట్లో ఒకరోజు రాత్రి డ్యూటీ దిగి, నిద్ర కళ్లతో ఫోనులో వెతికి, అన్నిటికంటే పైన వచ్చినదాన్ని నొక్కాను. జెండా రంగులు, చక్రం బొమ్మ చూసి సర్కారుదే అనుకున్నాను. పాస్‌పోర్టు పేజీ, ఫొటో పంపి డబ్బు కట్టేశాను. నాలుగో రోజున ఫొటో పనికిరాదని, మళ్లీ డబ్బు కట్టమని సందేశం వచ్చింది. అప్పుడు చిరునామా చివర చూస్తే డాట్ గవ్ డాట్ ఇన్ లేదు. అది సర్కారు పేజీ కాదు, దాన్ని పోలినట్టు ఎవరో పెట్టుకున్నది. డబ్బు పోయిన బాధకంటే మా ఆయన పాస్‌పోర్టు నకలు ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతిలో పడిందన్న బాధ ఎక్కువైంది. దయచేసి చిరునామా చివరి అక్షరాలు చూడకుండా ఒక్క గడి కూడా నింపకండి.

అమ్మకు శుక్లం ఆపరేషన్ ఉండటంతో ఆయనకంటే నెల ముందే నేను బరంపురం వచ్చాను. జరిగిందంతా విని అమ్మ, "నీకు టైపు నేర్పిన మాస్టారు ఇప్పుడు కంప్యూటర్లు పెట్టుకున్నారు, వెళ్లి అడుగు" అంది. ప్లస్‌టూ సెలవుల్లో ఆయన దగ్గర లోయర్ పరీక్షకు టైపు నేర్చుకున్నాను. మెట్లెక్కుతుంటే ఆ రోజుల నాటి సిరా రిబ్బను వాసన గుర్తొచ్చింది. టైపు మిషన్లలో ఇప్పుడు ఒక్కటే మిగిలింది, గుడ్డ కప్పి కిటికీ పక్కన పెట్టారు. గదిలో రెండు కంప్యూటర్లు, ఒక స్కానరు, ఒక ప్రింటరు ఉన్నాయి. బోర్డు మీద దుకాణం పేరు లేదు. టైపింగు, జిరాక్సు, ఆన్‌లైన్ ఫారాలు అని ఒడియాలో, తెలుగులో, ఇంగ్లిషులో రాసి ఉంది.

నేను వెళ్లేసరికి ఒక రైతుకు భూమి అఫిడవిట్ చదివి వినిపిస్తున్నారు. ఆయన్ను "ఆజ్ఞా" (ఒడియాలో అయ్యా అన్నట్టు) అని పిలుస్తూ, ప్రతి వాక్యానికీ ఆగి, ఇది మీరు చెప్పిందేనా అని ఒడియాలో అడుగుతున్నారు. నా వంతు వచ్చాక తెలుగులోకి మారారు. ఫారాలు నింపే చోట్లు ఊళ్లో చాలానే ఉన్నాయి. ఇలా చదివి వినిపించేవారిని మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు.

"పాస్‌పోర్టు పేజీ చూపించమ్మా" అన్నారు. ఫోనులో చూపించాను. ముందు పేరు చూస్తారనుకుంటే అడుగున ఉండే రెండు వరుసల మీద వేలు పెట్టారు. వరుసకు 44 అక్షరాలు. నడుమ కోణం గుర్తులు బారుగా ఉంటాయే, అవే. ఇన్నేళ్లుగా పాస్‌పోర్టు పట్టుకు తిరుగుతున్నా ఆ వరుసలను నేను ఎప్పుడూ చదవలేదు. మొదట ఇంటిపేరు, తరువాత రెండు కోణాలు, ఆ తరువాత సొంత పేరు. కింది వరుసలో పాస్‌పోర్టు నంబరు, దేశం, పుట్టిన తేదీ, గడువు తేదీ. "విమానాశ్రయంలో యంత్రం చదివేది దీన్నే. మన ఫారం దీనికి సరిపోవాలి" అన్నారు.

నా పాత ఫారంలో ఎంత పెద్ద పొరపాటు ఉందో అప్పుడు బయటపడింది. ఫిలిప్పీన్స్ పాస్‌పోర్టులో పేరుకు మూడు గళ్లుంటాయి: ఇంటిపేరు, సొంత పేరు, మధ్య పేరు. మధ్య పేరంటే వాళ్లకు తల్లి పుట్టింటి ఇంటిపేరు. మన ఫారంలో ఉన్నవి రెండే గళ్లు. నేను రెండు ఇంటిపేర్లనూ కలిపి ఒకే గడిలో రాసేశాను. మాస్టారు కింది వరుసను అక్షరం అక్షరం పలికి, రెండు కోణాలకు ముందున్నదాన్ని మాత్రమే ఇంటిపేరు గడిలో పెట్టారు. ఇంటికెళ్లి ఈ సంగతి చెబితే అమ్మ, "అల్లుడు అమ్మ పుట్టింటి పేరు కూడా మోస్తున్నాడా!" అని మురిసిపోయింది. మా వైపు అది ఏ కాగితంలోనూ ఉండదు కదా.

తరువాత టికెట్టు తేదీ అడిగారు. డిసెంబరు 20 అన్నాను. ఆ రోజు నవంబరు 14. గోడ మీది క్యాలెండరు తిప్పి 36 రోజులని లెక్కపెట్టారు. 30 రోజుల ఈ-టూరిస్టు వీసాకు (ఆన్‌లైన్‌లోనే ఇచ్చే టూరిస్టు వీసా ఇది), దిగే తేదీ 30 రోజుల్లోపు ఉంటేనే దరఖాస్తు పెట్టగలం. ఏడాది వీసాకైతే 120 రోజుల ముందు నుంచీ పెట్టవచ్చు. ఇంకో తేడా కూడా విడమరిచి చెప్పారు. 30 రోజుల వీసాలో రోజుల లెక్క మన దేశంలో దిగిన నాటి నుంచి మొదలవుతుంది. ఏడాది వీసాలో మంజూరైన నాటి నుంచే మొదలవుతుంది. దేశాన్ని బట్టి ఫీజు మారుతుంది, ఒకసారి కట్టాక వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఆగస్టులో ఆయన బావమరిది పెళ్లికి మళ్లీ రావాలని ఉంది కాబట్టి ఏడాదిదే తీసుకున్నాం. ఏది ఖరీదైతే అది అంటగట్టకుండా, మళ్లీ ఎప్పుడు వస్తారని ముందు అడిగినందుకే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

ఫారం పొడుగు. తల్లిదండ్రుల పేర్లు, వాళ్లు పుట్టిన ఊళ్లు, మతం, చదువు, ఉద్యోగం, పోలీసు లేదా సైన్యంలో పనిచేశారా, పదేళ్లలో తిరిగిన దేశాలు, మన దేశంలో తెలిసినవారి చిరునామా, వాళ్ల దేశంలో తెలిసినవారి చిరునామా. దేన్నీ ఊహించి నింపనివ్వలేదు. నాకు తెలియనిదానికల్లా మస్కట్‌కు ఫోను చేయించారు. ఒంటి మీద కనిపించే గుర్తు ఏమిటని ఒక గడి ఉంది. ఎడమ కనుబొమలో గీత ఉందన్నాను, నాకు తెలుసు కదా అని. "ఆయన్నే అడుగమ్మా" అన్నారు మాస్టారు. అడిగితే మా ఆయన, అది కుడి కనుబొమ అన్నారు. ఇంటిలో అద్దం ముందు ఆయన వెనుక నిలబడి చూసి చూసి నాకు అలా గుర్తుండిపోయింది. ఏడేళ్ల వయసులో మామిడి చెట్టు మీద నుంచి పడ్డారట. పెళ్లయిన మూడేళ్లలో నాకు తెలియని ముచ్చట ఒక వీసా ఫారం మూలంగా తెలిసింది.

సగంలో కరెంటు పోయింది. మళ్లీ మొదటి నుంచి నింపాలేమోనని నా గుండె జారింది. మాస్టారు తొణకలేదు. మొదటి పేజీ కాగానే వచ్చే తాత్కాలిక నంబరును అప్పుడే తన పొడుగు పుస్తకంలో రాసుకున్నారు. నా చేత కూడా వేరే కాగితం మీద రాయించారు. కరెంటు వచ్చాక ఆ నంబరు కొట్టి, ఆగిన చోటి నుంచి మొదలుపెట్టారు. ఇంట్లో సొంతంగా నింపుకునేవాళ్లు కూడా ఈ ఒక్క పనీ మరవకండి.

ఫొటో దగ్గర చాలా ఆలస్యమైంది. ఆసుపత్రి కార్డు కోసం నీలం తెర ముందు తీసిన ఫొటో మా దగ్గర ఉంది. వెనుక తెల్లగా ఉండాలి, పొడవూ వెడల్పూ సమానంగా ఉండాలి, కళ్లజోడు ఉండకూడదు. మా ఆయన ఇంటి గోడ ముందు నిలబడి ఒకటి పంపారు, చెవి వెనుక నీడ పడింది. రెండోది కళ్లజోడుతో. మూడోసారి కిటికీకి ఎదురుగా నిలబడమని మాస్టారే చెప్పించారు, అది కుదిరింది. పాస్‌పోర్టు పేజీ 300 కిలోబైట్లు దాటని పీడీఎఫ్‌గా ఉండాలి. ఫోనుతో తీసిన దానిలో ఒక మూల మెరుపు పడి, అడుగు వరుసలో రెండు అక్షరాలు చెదిరాయి. మర్నాడు మా ఆయన ఆసుపత్రి ఆఫీసులో స్కాను చేయించి పంపేదాకా ఫారం పంపలేదు. ఆ సాయంత్రం నాకు కోపం వచ్చిన మాట నిజం. రెండు అక్షరాలకు ఒక రోజు పోగొడతారా అనుకున్నాను. అదే పోగొట్టకపోతే ఆ మసక పేజీతోనే దరఖాస్తు వెళ్లి ఉండేది.

డబ్బు కట్టేటప్పుడు మాస్టారు కుర్చీ నాకు వదిలి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. "కార్డు నంబరు నేను చూడకూడదమ్మా" అన్నారు. మస్కట్ నుంచి మా ఆయన నంబరు చెబుతుంటే నేనే కొట్టాను. ఒకసారి మోసపోయి వచ్చినదాన్ని కదా, ఆ ఒక్క మాటకు కళ్లు చెమ్మగిల్లాయి.

మూడో రోజున మంజూరైనట్టు ఈమెయిలు వచ్చింది. సర్కారు గడువు ప్రకారం కనీసం నాలుగు రోజుల ముందు పెడితే చాలు. మాస్టారి లెక్క వేరు, మూడు వారాలు చేతిలో ఉంచుకోమంటారు. ఏదైనా అక్షరం తప్పు పోతే మళ్లీ పెట్టుకోవడానికి వ్యవధి ఉండాలని. మంజూరు కాగితం రెండు ప్రతులు ముద్రించి, ఒకటి చేతి సంచిలో, ఒకటి పెట్టెలో పెట్టుకోమన్నారు.

ఆ రోజు ఇంకో మాట కూడా చెప్పారు, దాన్ని నేను ఎక్కడా వినలేదు. విదేశీయులు ఎవరి ఇంట్లో దిగితే ఆ ఇంటివారు 24 గంటల్లో వాళ్ల వివరాల ఫారాన్ని (అప్పట్లో దాన్ని ఫారం సి అనేవారు) ఆన్‌లైన్‌లో పెట్టాలి. హోటళ్లకు మాత్రమే అనుకుంటాం, ఇళ్లకూ వర్తిస్తుంది. సొంత అల్లుడైనా సరే. అమ్మ పేరున ముందే ఖాతా తెరిపించి పెట్టారు. మా ఆయన హైదరాబాదులో దిగి, వేలిముద్రలు ఇచ్చి, ముద్ర వేయించుకుని, భువనేశ్వర్ దాకా ఇంకో విమానంలో వచ్చి, అక్కడి నుంచి రైల్లో బరంపురం చేరేసరికి సాయంత్రమైంది. మర్నాడు పొద్దున్నే ముద్ర పడిన పేజీతో మెట్లెక్కాం. అల్లుణ్ని మాస్టారు లేచి నిలబడి నమస్కారంతో పలకరించారు. కనుబొమ వైపు చూసి నవ్వారు. పావుగంటలో ఫారం సి అయిపోయింది.

ఇబ్బందులు కూడా రాయాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లకు కష్టం. సోమవారాలు కోర్టు పనుల జనంతో కూర్చోవడానికి చోటుండదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు. పని నెమ్మది, మాది రెండు పూటలు పట్టింది. తొందరలో ఉన్నవాళ్లకు విసుగు పుడుతుంది. ప్రింటరులో సిరా పలచన, మంజూరు కాగితం మసకగా వచ్చి నేను బయట మళ్లీ తీయించుకున్నాను. ఇది ఆయనకు చెప్పాను, మార్పిస్తామన్నారు. మొత్తం పనికి 300 రూపాయలు తీసుకున్నారు. ఫారం సి కి వేరే తీసుకోలేదు.

ఆదివారం సెలవు. వెళ్లేవాళ్లు టికెట్టు తేదీ, అత్తమామల పూర్తి పేర్లు, వాళ్లు పుట్టిన ఊళ్లు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. పాస్‌పోర్టు పేజీని స్కానరు మీద పెట్టి తీయించండి. ఫోనుతో తీసినది ఆయన ఒప్పుకోరు.