పెట్రోల్ వాసన వస్తోందని కారు ఇస్తే సెంటు కొట్టి తిరిగిచ్చారు, జాగ్రత్త

మెకానిక్ అసలు సంగతి చూపించాక రాస్తున్నా, ఇంకా ఒళ్లు మండిపోతోంది, అటూ ఇటూ అయితే సర్దుకోండి. హైదరాబాద్‌లో యాప్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చి కారు రిపేరుకి తీసుకెళ్తారు కదా, ఆ బ్యాచే. పేరు రాస్తే నోటీసు పంపిస్తాం అని ముందే ఫోన్‌లో బెదిరించారు కాబట్టి రాయట్లేదు, వాడినవాళ్లకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మాది 2016 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే చాలు వెనక సీటు దగ్గర గుప్పుమని వాసన, సగానికి దిగాక ఏమీ ఉండదు. పాప వెనకే కూర్చుంటుంది, స్కూల్‌కి వెళ్లేలోపే కడుపులో తిప్పుతోంది అనేది. ఇదంతా బుకింగ్‌లోనే రాశా, ఫుల్ ట్యాంక్ అప్పుడు మాత్రమే అని కూడా రాశా. వాళ్లేమో ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మేది) క్లీనింగ్ అన్నారు, తర్వాత పర్జ్ వాల్వ్ (ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది) అన్నారు, చివరికి ట్యాంకులోంచి పెట్రోల్ పంపే ఫ్యూయల్ పంపు అసెంబ్లీయే పోయింది మేడమ్, కొత్తది వెయ్యాలి అన్నారు. వెయ్యండి మహాప్రభో అన్నా. మొత్తం 14,600, అందులో పంపు ఒక్కటే 8,900.

డెలివరీ రోజు సంగతి చెప్పాలి అసలు. నాలుగద్దాలూ కిందకి దించి పెట్టారు, డోర్ తీస్తే మల్లెపూల సెంటు, పెళ్లిమండపంలోకి అడుగుపెట్టినట్టు. డ్యాష్‌బోర్డ్ మీద ఇంకా తడి చుక్కలు కనిపిస్తున్నాయి. అద్దాలెక్కించి కాసేపు కూర్చున్నా, మల్లెపూల కింద నుంచి అదే పెట్రోల్. వాసన అలాగే ఉంది బాబూ అంటే ఆ అడ్వైజర్ తల కూడా లోపలికి పెట్టకుండా "మాకెవరికీ రావట్లేదు మేడమ్, మీకొక్కరికే వస్తోంది, ఇంట్లో సార్ ఉంటే ఒకసారి పంపించండి, ఆయనకి ఎక్స్‌ప్లెయిన్ చేస్తా" అన్నాడు. సార్‌కి. కారు నాది, డబ్బు నాది, రోజూ నడిపేది నేను, ముక్కు మాత్రం సార్‌ది కావాలంట! పోనీ పాత పంపు ఇవ్వు అంటే స్క్రాప్‌కి వెళ్లిపోయింది మేడమ్, కంపెనీ పాలసీ అన్నాడు. పాలసీలకి మాత్రం లోటు లేదు.

ఇంటికొచ్చాక మా నిజాంపేట సందులో ఉండే మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన విని ఒక్కటే అడిగాడు, ట్యాంక్ నిండినప్పుడేనా అమ్మా అని. అవునన్నా. అయితే పైనుంచే వస్తోంది అని ముందు ట్యాంకులో పెట్రోల్ తగ్గించాడు, పంపు ఫ్యూజ్ పీకి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపాడు (పైపులో ప్రెషర్ దిగాలంట), బ్యాటరీ వైర్ తీశాడు, ఫోన్ అవతల పెట్టమన్నాడు. వెనక సీటు లేపి కింద గుండ్రటి మూత తీయగానే ఇద్దరం వెనక్కి జరిగాం, అంత ఘాటు. పంపు పైభాగం చుట్టూ దుమ్ము నల్లగా తడిసి ఉంది. దాని మీద ఎవరో సిలికాన్ పేస్ట్ దట్టంగా పూసేశారు, అది పెట్రోల్‌కి ఉబ్బి జిగురులా వేలికి ఊడొస్తోంది. కింద రబ్బర్ సీల్ ఒక పక్క మడతపడి నలిగిపోయి ఉంది. పాత సీలే మళ్లీ పెట్టి, సరిగ్గా కూర్చోకపోతే పైన పేస్ట్ రాసి పంపించారన్నమాట.

ఇంకా అయిపోలేదు. బాబాయ్ పంపు పైకి తీసి గుడ్డతో తుడిచి టార్చ్ వేశాడు. ప్లాస్టిక్ మీద గడియారంలాగా చుట్టూ 1 నుంచి 12 అంకెలు, మధ్యలో బాణం గుర్తు, దానికి అటూ ఇటూ 1, 6. ఏంటిది అంటే తయారైన నెల, సంవత్సరం అమ్మా అన్నాడు. 2016! కారుతో పాటు పుట్టిన పంపే అది. 8,900 పెట్టి నా పంపుని నాకే అమ్మారు! ఫోటో తీసి పంపిస్తే "పాత స్టాక్ అయ్యుంటుంది మేడమ్" అంట. అప్పటి స్టాక్‌కి నా కారులో పట్టినంత మట్టి ఎక్కడిది నాయనా?

కొత్త సీల్ మూడొందల లోపే, బాబాయ్ పనికి ఇంకొంచెం. ఫుల్ ట్యాంక్ కొట్టించి రాత్రంతా అద్దాలు మూసి ఉంచి ఉదయం చూశాం, ఏ వాసనా లేదు. పాపని ఎక్కించుకుని తిప్పా, ఏమీ అనలేదు.

బాబాయ్ చెప్పినవి కొన్ని, గుర్తున్నంతవరకు. వాసన ఎప్పుడొస్తోందో ముందు మీరే చూసుకోండి. ట్యాంక్ నిండినప్పుడే అయితే పంపు సీలో, పెట్రోల్ పోసే మూత దగ్గర్నుంచి ట్యాంకుకెళ్లే గొట్టమో, ట్యాంక్ పైనుండే పైపులో. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు బానెట్ వైపు నుంచి వస్తే ఇంజెక్టర్ల రబ్బర్ రింగులు చూపించండి. బంకులో గన్ కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ చెయ్యి అనకండి, ఆ ఎక్స్‌ట్రా పెట్రోల్ ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పోయి అది పాడవుతుందంట. కారు కింద పెట్రోల్ తడి కనిపిస్తే మాత్రం స్టార్ట్ చెయ్యొద్దు, నెట్టించి బయటపెట్టండి, పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. ఏ పార్ట్ మార్చినా పాతది నాకు కావాలి అని పని మొదలెట్టకముందే రాయించుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చా. ఆ విషయం తెలిసిన గంటకే అదే అడ్వైజర్ నుంచి కాల్, ఆ కంప్లైంట్ తీసేస్తే సగం డబ్బు వెనక్కిస్తాం మేడమ్ అంట. సార్‌తో మాట్లాడుకోండి అని పెట్టేశా.