రిజెక్టయిన జీతాల టీడీఎస్ రిటర్న్‌కి మారతహళ్ళిలో మంచి ఆఫీసు

బెంగళూరులో చిన్న కంపెనీల అకౌంట్స్ చూసే మనవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల కోసం ఇది రాస్తున్నా. మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర మొదటి అంతస్తులో టీడీఎస్ (జీతంలోనే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) రిటర్న్‌లు వేసే ఒక చిన్న ఆఫీసు ఉంది, నడిపేది అనంతపురం ఆయన. జీతాల రిటర్న్, అంటే 24క్యూ, రిజెక్టయితే నేరుగా ఇక్కడికే వెళ్లండి.

మా 2024-25 నాలుగో క్వార్టర్ రిటర్న్‌ని పాత కన్సల్టెంట్ మే 31 గడువులోపే అప్‌లోడ్ చేసి, ట్రాన్సాక్షన్ ఐడీ పంపి, పనైపోయిందన్నారు. తీరా స్టాఫ్‌కి ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్, అంటే ఫామ్ 16, తీద్దామంటే టీడీఎస్ వెబ్‌సైట్ ట్రేసెస్‌లో ఆ స్టేట్‌మెంటే లేదు! జనవరి నుంచి మార్చి దాకా జీతాల్లో కోసిన పన్ను ఎవరి 26ఏఎస్‌లోనూ (పేరు మీద జమైన పన్ను చూపే స్టేట్‌మెంట్) కనబడటం లేదు, స్టాఫేమో రోజూ అడుగుతున్నారు, ఒకాయన హోమ్ లోన్ ఫైలు దీని వల్లే ఆగిపోయింది. డబ్బు వాళ్లది, పాట్లు కూడా వాళ్లకే, అదే నాకు బాధనిపించింది.

ఈ అనంతపురం ఆయన ఫైలు తెరవకముందే ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో స్టేటస్ చూద్దామన్నారు, పాస్‌వర్డ్, ఓటీపీ మా చేతే కొట్టించారు. రిజెక్టెడ్ అని ఉంది. అప్‌లోడ్‌కి ముందు ఫైలును సరిచూసే ఎఫ్‌వీయూ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌ది కావడమే కారణం. అప్‌లోడ్ కాగానే వచ్చే ఐడీ ఫైలు అందిందనడానికి మాత్రమేనట, పోర్టల్ ఒప్పుకున్నాక వచ్చే 15 అంకెల టోకెన్ నంబరే అసలు రసీదు. రిజెక్టయింది అసలు వేయనట్టే లెక్క కాబట్టి కరెక్షన్ వేయకూడదు, రెగ్యులర్‌గానే మళ్లీ వేయాలి. ఆలస్యానికి 234ఈ సెక్షన్ కింద ఫీజు రోజుకు రూ.200, టీడీఎస్ మొత్తం దాటకుండా, ముందే చలాన్ కట్టి ఆ వివరాలు రిటర్న్‌లో చూపించాలి. ఇదంతా తెలుగులో, విసుక్కోకుండా, మా అకౌంట్స్ అమ్మాయికి కూడా అర్థమయ్యేలా చెప్పారు.

మళ్లీ వేసేముందు పాన్‌లన్నీ ట్రేసెస్‌లో ఒక్కొక్కటి సరిచూశారు, నాకు బాగా నచ్చింది ఇదే. ఒకరి పాన్‌లో అక్షరం తప్పు, ఇంకొకరిది ఆధార్ లింక్ కాక పనిచేయడం లేదు. అలాగే పంపితే 20 శాతం కోయాల్సిందంటూ షార్ట్ డిడక్షన్, అంటే పన్ను తక్కువ కోశారన్న డిమాండ్ వచ్చేది. ఆ తప్పు పాన్ ముందు క్వార్టర్లలోనూ ఉంది, అవి అప్పటికే యాక్సెప్ట్ అయినవి కాబట్టి వాటికి కాన్సో ఫైలు (వేసిన రిటర్న్ వివరాలన్నీ ఉండే ఫైలు) తెప్పించి కరెక్షన్ వేశారు. స్టేటస్ యాక్సెప్టెడ్ అయ్యి, టోకెన్ నంబర్ మా చేతికొచ్చాకే ఫీజు తీసుకున్నారు, అదీ మేం అనుకున్నదాని కంటే తక్కువే.

ఇబ్బందులూ ఉన్నాయి. మే చివరి వారంలో ఫోన్ ఎత్తరు, మెట్లు ఇరుకు, బండి పెట్టడానికి చోటు లేదు. జీతాల లెక్క కూడా వేసిపెట్టమంటే ఒప్పుకోరు, రిటర్న్ పని మాత్రమే. ఉదయం తెరవగానే వెళితే రద్దీ ఉండదు. వెళ్లేటప్పుడు టాన్ (పన్ను కోసే కంపెనీ నంబరు) లాగిన్ వివరాలు, బీఎస్ఆర్ కోడ్ (బ్యాంక్ బ్రాంచ్ నంబరు) ఉన్న చలాన్లు, ముందు క్వార్టర్ టోకెన్ నంబర్, స్టాఫ్ పాన్ కార్డుల కాపీలు పట్టుకెళ్లండి. ఎక్సెల్‌లో పేర్లు చూపిస్తే చాలదు, కార్డు కాపీ చూస్తేగానీ ఆయన ముందుకు కదలరు.