ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐకి స్టేజ్ 1 రీమ్యాప్: ఇంజిన్ ఓర్చుకుంటుంది, మరి గేర్‌బాక్సు?

టర్బో కారుకు రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను మార్చి పవర్ పెంచడం; విడిభాగాలు మార్చకుండా చేసేది స్టేజ్ 1) చేయించాలనుకునే ప్రతివారూ మొదట అడిగేది, లోపలి పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు మార్చకుండా ఎంత పవర్ వరకు వెళ్లవచ్చు అనే. స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ విషయంలో ఈ ప్రశ్నకు సగం జవాబు కంపెనీయే చెప్పేసింది. 2016లో మన దేశంలో విడుదలైన సూపర్బ్‌లో ఇదే 1798 సీసీ, 180 పీఎస్ ఇంజిన్ మాన్యువల్ గేర్‌బాక్సుతో 320 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చేది. అదే ఇంజిన్‌ను ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు)తో తీసుకుంటే 250 దగ్గరే ఆపేశారు. కారణం డీక్యూ200 అనే ఆ గేర్‌బాక్సులోని డ్రై క్లచ్‌లు (ఆయిల్‌లో మునగనివి). వాటిని రూపొందించిందే 250 న్యూటన్ మీటర్ల కోసం. మన ఆక్టేవియాలో ఉన్నది కూడా ఆ డీఎస్‌జీయే.

హైదరాబాదులో నేను రీమ్యాప్ చేయించిన గ్యారేజీని మెచ్చుకోవడానికి ముఖ్య కారణం, ఈ సంగతిని వాళ్లు దాచకుండా ముందే చెప్పడం. వాళ్ల దగ్గర రెండు రీమ్యాప్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లున్నాయి: ఒకటి 350 న్యూటన్ మీటర్ల దాకా వెళ్లేది, రెండోది 310 దగ్గర టార్క్‌కు కళ్లెం వేసేది. "సార్, ఇంజిన్ గురించి మీరు దిగులు పడకండి, క్లచ్‌కు డబ్బు పక్కన పెట్టుకున్నారా లేదా చెప్పండి" అని అడిగిన ట్యూనర్ చేత నేను రెండోదే వేయించుకున్నాను. 310 కూడా గేర్‌బాక్సు పరిమితికి పైనే కనుక దీన్ని క్షేమం అనలేను. ప్రమాదాన్ని తగ్గించుకోవడం మాత్రమే.

పని జరిగిన తీరు చూడదగ్గది. ఫైల్ ఎక్కించకముందే కారును డైనో (పవర్ కొలిచే రోలర్ల యంత్రం) పైకి ఎక్కించి, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండడం) ఆపడానికి ఒక్కో సిలిండర్‌లో ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇగ్నిషన్ టైమింగ్‌ను ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతున్నదో ల్యాప్‌టాప్‌లో లాగ్ చేశారు. కొత్త ఫైల్‌తో, 95 ఆక్టేన్ పెట్రోలుతో చేసిన మొదటి పరుగులో మూడో సిలిండర్ గీత మిగిలిన మూడింటి కంటే స్పష్టంగా కిందికి జారింది. అక్కడితో పరుగు ఆపేసి, ట్యాంకులో నాకింగ్‌ను మరింత తట్టుకునే 100 ఆక్టేన్ పెట్రోలు పోయించి, ఇంజిన్ చల్లబడ్డాక మళ్లీ నడిపితే నాలుగు గీతలూ దాదాపు కలిసిపోయాయి. ఈ లాగ్ చూపించకుండా పవర్ గ్రాఫ్ ఒక్కటే చేతిలో పెట్టే చోట ఎవరూ రీమ్యాప్ చేయించుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే లోపలి భాగాలు మార్చని స్టాక్ ఇంజిన్ ఎంత తట్టుకుంటుందనేది ఒక్క పవర్ అంకెతో తేలే విషయం కాదు. కనెక్టింగ్ రాడ్‌ను వంచేది ప్రధానంగా సిలిండర్‌లోని పీడనం; అది గరిష్ఠ పవర్ వచ్చే 5500 ఆర్‌పీఎం దగ్గర కంటే, బూస్ట్ (టర్బో నెట్టే గాలి పీడనం) ఒక్కసారిగా ఎగసి టార్క్ శిఖరానికి చేరే 2000, 2500 ఆర్‌పీఎంల మధ్యనే ఎక్కువ. కాబట్టి 220 పీఎస్ ఇచ్చే రెండు ఫైళ్లలో టార్క్‌ను నెమ్మదిగా పెంచేది రాడ్లను కాపాడుతుంది, పెడల్ తొక్కగానే వీపుకు తగిలేలా కుమ్మరించేది వాటిని నలగగొడుతుంది. పిస్టన్ కథ వేరు. నాకింగ్ ఆగకుండా సాగితే మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్యనున్న సన్నని అంచు చిట్లుతుంది. వేడి మితిమీరితే రింగు వ్యాకోచించి దాని రెండు కొసలు ఒరుసుకుని సిలిండర్ గోడను గీకేస్తాయి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజిన్లలో, తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడ్ పడినప్పుడు, స్పార్క్ కంటే ముందే మిశ్రమం అంటుకునే జబ్బు మరొకటి ఉంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఇంజిన్ ఆయిల్ ప్రమాణంలో దానికి ప్రత్యేకంగా పరీక్ష ఉంది కనుక, వీడబ్ల్యూ (ఫోక్స్‌వ్యాగన్) అనుమతితో పాటు ఆ గుర్తు కూడా ఉన్న ఆయిలే పోయించాను. మే నెల ఎండలో, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే గాలి కూడా వేడిగానే ఉంటుంది కనుక, మధ్యాహ్నం ఫుల్ థ్రాటిల్ జోలికి పోకపోవడం మేలు.

డైనోలో తేలిన అంచనా 210 పీఎస్ పైచిలుకు. చక్రాల దగ్గర కొలిచి లెక్కగట్టిన అంకె కాబట్టి దాన్ని శిలాశాసనంగా తీసుకోనక్కరలేదు. 2017లో 230 పీఎస్‌తో వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్‌కు ఇది సమ ఉజ్జీ అని చెప్పుకునేవారిని మాత్రం నమ్మకండి, ఆ కారులో రెండు లీటర్ల ఇంజిన్, 350 న్యూటన్ మీటర్లకు సరిపడే వెట్ క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండేది) గేర్‌బాక్సు ఉన్నాయి. రోడ్డు మీద అసలు తేడా తెలిసేది మూడో గేరులో లారీని దాటేటప్పుడు: గేర్ కిందికి దిగకుండానే కారు ముందుకు సాగిపోతుంది. నగరం ట్రాఫిక్‌లో పాకించేటప్పుడు మాత్రం డీఎస్‌జీ మునుపటిలాగే తడబడుతుంది, దానికి ఏ ఫైలూ మందు కాదు.

లోపాలు లేకపోలేదు. బిల్లులో ఫైల్ వెర్షన్ రాయలేదు, పాత ఫైల్ కాపీ అడిగితేనే ఇచ్చారు. వారంటీ మిగిలిన కార్లవారికి ఆ హక్కు పోవచ్చన్న మాట కూడా నేను అడిగాకే వచ్చింది. వారంటీ ముగిసి, క్లచ్ ప్యాక్ ఖర్చుకు సిద్ధపడి, 100 ఆక్టేన్ పెట్రోలు దగ్గరలో దొరికేవారికి ఈ 310 న్యూటన్ మీటర్ల ఫైల్‌ను సిఫారసు చేస్తాను. రోజూ నగరంలోనే తిరిగే డీఎస్‌జీకి మాత్రం వద్దంటాను.