గోడ పగలగొట్టాలా, బయట నుంచి కొత్త నీళ్ల పైపు లైన్ లాగాలా?

బాత్రూం గోడకి అవతలి వైపు చెమ్మ దిగి సున్నం పెచ్చులు ఊడుతుంటే అందరికీ వచ్చే అనుమానమే ఇది. గుంటూరు బ్రాడీపేటలో మా పాత ఇంట్లో ఈ మధ్యే ఆ గొడవ అయ్యింది, అప్పట్నుంచి వీధిలో వాళ్లంతా నన్నే అడుగుతున్నారు, నేనేదో ప్లంబర్ని అయినట్టు.

ఏది చేయించినా ముందు ఒకటి తేల్చుకోవాలి. కారేది ట్యాంకు నుంచి కుళాయిలకొచ్చే లైనా, లేక నహానీ ట్రాపో (నేల మీద నీళ్లు బయటికి పోయే జాలీ కింది గిన్నె) టైల్స్ సందులో? స్నానాలు చేసినప్పుడే మచ్చ పెరిగి, నాలుగు రోజులు ఊరెళ్లొస్తే ఆరిపోతుంటే రెండోదే, దానికి కొత్త లైన్ వేసి లాభం లేదు. ట్యాంకు లైన్లో మాత్రం ఎప్పుడూ నీళ్లుంటాయి కాబట్టి మీరు వాడినా వాడకపోయినా కారుతూనే ఉంటుంది.

నేను చేసిందేంటంటే, రాత్రి పది దాటాక మోటారు ఆపి ట్యాంకులోకి కర్ర దింపి తడి ఎంతవరకు ఉందో గీత పెట్టుకున్నా, పొద్దున్న ఐదింటికి మళ్లీ అదే కర్ర. వెయ్యి లీటర్ల గుండ్రటి ట్యాంకులో ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే దాదాపు 9 లీటర్లు పోయినట్టు. సరిగ్గా అంతే తగ్గింది. "రాత్రి మీరు బాత్రూంకి లేచారుగా" అంది మా ఆవిడ. నిజమే. మర్నాడు రాత్రి ఫ్లష్ ట్యాంకుకి నీళ్లు కట్టేసి, కుళాయిలేవీ ముట్టుకోకుండా చూశాం, అయినా తగ్గింది. మూడో రాత్రి బాత్రూం లైను గేట్ వాల్వ్ కట్టేస్తే కర్ర మీద గీత కదల్లేదు. దొంగ దొరికాడు. (ఫ్లష్ మీద అనుమానముంటే దాని ట్యాంకులో బట్టలకి వేసే నీలిమందు కాస్త కలిపి అరగంట ఆగండి, నొక్కకుండానే కింద నీలం కనిపిస్తే వాషరు పోయినట్టే.)

ఇక అసలు సంగతి. పగలగొట్టి అతుకేయడంలో చిక్కు ఏంటంటే, నీళ్లు కారిన చోటే బయటపడవు. పైపు వెంట జారి కిందెక్కడో మచ్చ కడతాయి. మేస్త్రీ మచ్చ దగ్గర రెండడుగులు కొట్టి చూస్తే అక్కడి ఎల్బో (పైపు మలుపు జాయింటు) పొడిగా ఉంది, లీకు షవరు దగ్గర 'టీ' జాయింటులో (మూడు పైపులు కలిసే చోట). ఆ టైల్స్ డిజైన్ ఇప్పుడు ఏ షాపులోనూ లేదు. పైగా మావి పాతకాలపు జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులు, ఒక జాయింటుకి పానా పట్టి తిప్పితే తుప్పు పట్టిన పక్క జాయింటు కూడా కదులుతుంది. ఈ ఏడాది ఒకటి, వచ్చే ఏడాది ఇంకొకటి. అందుకే నేను బయట లైనుకే ఓటేశా. మళ్లీ లీకైతే కంటికి కనిపిస్తుంది, నాకు అదొక్కటి చాలు.

అలాగని బయట లైను బంగారమేం కాదు. గోడ మీద పైపులు చూడ్డానికి బాగోవు, మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. సీపీవీసీ (వేడి నీళ్లకి కూడా తట్టుకునే ప్లాస్టిక్) పైపు ఎండకి పెళుసెక్కకుండా నీళ్లలో కలిపే తెల్ల పెయింటు వేయించాలి, ఆయిల్ పెయింటు వద్దు. మూడడుగులకో క్లాంపు. అన్నిటికంటే ముఖ్యం, పాత లైన్‌ని ట్యాంకు దగ్గరే విప్పి మూత బిగించాలి, మా ప్లంబరు మర్చిపోబోయాడు.

కొత్త ఇల్లయి, గీజరు బిగించేటప్పుడు డ్రిల్లు తగిలి సీపీవీసీకి చిల్లు పడిందంటే మాత్రం కళ్లు మూసుకుని పగలగొట్టించేయండి. చోటు తెలిసిందే, పైపూ కొత్తదే. అతికాక ఒక రోజు నీళ్లు నింపి చూశాకే టైలు వేయనివ్వండి.

లీకు కనిపెట్టే మెషీన్లంటారా, అపార్ట్‌మెంట్లకి పనికొస్తాయేమో, మా ఇంటికి కర్ర సరిపోయింది. వాటర్‌ప్రూఫ్ పెయింటు ఒక్కటే వేస్తే సరిపోదా అంటే, జ్వరం తగ్గకుండా మొహానికి పౌడరు రాసినట్టు.

లైను మార్చాక కూడా గోడ ఆరడానికి మాకు నెలన్నర పట్టింది. పండక్కి చుట్టాలొస్తున్నారని పదిహేనో రోజునే ఒక పక్క పుట్టీ పెట్టించాం, అది మళ్లీ ఊడింది.