పిల్లల సైన్సు పుస్తకాల సెట్టు కొనేవాళ్ళకు జాగ్రత్త: కవరు విప్పనివ్వకపోతే డబ్బులివ్వకండి

సెలవులొస్తున్నాయి, ఎగ్జిబిషన్లు మొదలవుతాయి. పిల్లలకి సైన్సు పుస్తకాలు కొందామనుకునే అమ్మానాన్నలు, టీచర్లు ఇది చదివి వెళ్ళండి.

మేం కొన్నది పది భాగాల సెట్టు. ఎర్ర అట్టపెట్టె, మీద వ్యోమగామి బొమ్మ, ‘2024 కొత్త ఎడిషన్’ అని బంగారు రంగు స్టిక్కరు. ఎమ్మార్పీ ₹7,999 కొట్టేసి ₹2,500 అని రాశారు. ప్లాస్టిక్ కవరు విప్పి చూస్తామంటే, ‘విప్పితే తీసుకోవాల్సిందేనండీ’ అన్నాడు స్టాలు అబ్బాయి. మా అమ్మాయి ఆరో తరగతి, ఆకాశమంటే ప్రాణం. కొన్నాం.

ఇంటికొచ్చి తెరిస్తే తొమ్మిది గ్రహాలున్నాయి. ప్లూటోని అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహాల జాబితాలోంచి తీసేసింది 2006 ఆగస్టులో. మూలకాలు 109 అని రాశారు. అవి 118 అయ్యి, చివరి నాలుగింటికి 2016లోనే పేర్లు కూడా పెట్టారు. చంద్రయాన్-3 ఊసే లేదు. రచయిత పేరు గానీ, ప్రచురించిన సంవత్సరం గానీ, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) గానీ పది భాగాల్లో ఎక్కడా కనపడలేదు. కొత్తదనమంతా ఆ స్టిక్కరులోనే ఉంది.

పాత అంకెల్ని పెన్నుతో దిద్దుకోవచ్చు. అసలు బాధ వేరే ఉంది. చంద్రుడి కళలు భూమి నీడ వల్ల వస్తాయని రంగుల బొమ్మ వేసి మరీ చెప్పారు. మా పిల్ల ఆ పుస్తకం పట్టుకుని శుద్ధ అష్టమి సాయంత్రం డాబా ఎక్కింది. సూర్యుడు పడమట దిగుతున్నాడు, సగం చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. ‘అమ్మా, సూర్యుడు అటుంటే మన నీడ తూర్పుకి కదా పోవాలి, పైనున్న చంద్రుడి మీద ఎలా పడింది?’ అని అడిగింది. ఆ ప్రశ్నకి పుస్తకంలో చోటే లేదు. చంద్రుడిలో సగానికి ఎప్పుడూ ఎండ తగులుతూనే ఉంటుంది, ఆ వెలిగే సగంలో మనకి కనపడేది రోజురోజుకీ మారుతుంది, అంతే. భూమి నీడ చంద్రుడి మీద పడేది గ్రహణంనాడు, అదీ పౌర్ణమికే.

ఇంకో పేజీలో కొవ్వొత్తి ప్రయోగం. పళ్ళెంలో నీళ్ళు పోసి, వెలిగించిన కొవ్వొత్తి నిలబెట్టి, గ్లాసు బోర్లిస్తే మంట ఆరిపోయి నీళ్ళు లోపలికి ఎక్కుతాయి. మంట ఆక్సిజన్ మొత్తాన్ని తినేసింది, గాలిలో ఆక్సిజన్ ఐదోవంతు కాబట్టి నీళ్ళు ఐదోవంతు ఎక్కాయి అని వివరణ. పాప అదే గ్లాసు కింద రెండు కొవ్వొత్తులు పెట్టి చూసింది. నీళ్ళు ఇంకా పైకి ఎక్కాయి! ఆక్సిజన్ లెక్కే నిజమైతే ఎన్ని పెట్టినా ఒకే ఎత్తు రావాలి కదా. అసలు జరిగేదేమిటంటే, గ్లాసు బోర్లించేటప్పుడు మంట వేడికి లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్ళని లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ ఇంకా ఉండగానే మంట ఆరిపోతుంది కూడా. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఇలాంటి ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఈ సెట్టులో కొవ్వొత్తికి దక్కింది నాలుగు లైన్లు, అవీ తప్పు.

పిల్లల పుస్తకంలో నేను ముందు వెతికేది ‘ఈ సంగతి ఎలా తెలిసింది?’ అన్నదానికి జవాబు. ఈ సెట్టులో, ఆకాశం ప్రతిబింబం వల్లే సముద్రం నీలంగా ఉంటుందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. 1921లో సి.వి.రామన్ యూరప్ నుంచి ఓడలో తిరిగొస్తూ, నీటి మీది ప్రతిబింబపు వెలుగుని ఆపేసే నికోల్ పట్టకంలోంచి సముద్రాన్ని చూశాడు. ప్రతిబింబం అడ్డు తొలగినా నీలం పోలేదు. నీళ్ళే కాంతిని వెదజల్లుతున్నాయని అక్కణ్ణుంచే పట్టుకున్నాడు. చిన్నప్పుడు విశాఖలో చదువుకున్న మనిషి ఆయన. ఆ కథ చెప్పిన పుస్తకం చదివిన పిల్ల బీచికెళ్తే తనూ తేరిపార చూస్తుంది.

కాబట్టి కొనేముందు పుస్తకం తెరిచి చంద్రకళల పేజీ చదవండి, ఒక ప్రయోగం పూర్తిగా చదవండి. రాసినవాళ్ళ పేరు, ముద్రణ సంవత్సరం చూడండి. పెద్ద సెట్టే కావాలని లేదు. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ, జన విజ్ఞాన వేదిక, ఎన్‌బీటీ (నేషనల్ బుక్ ట్రస్ట్) వాళ్ళ పల్చటి పుస్తకాలు ఉన్నాయి. చెత్తతో బొమ్మలు చేసి సైన్సు నేర్పే అరవింద్ గుప్తా పుస్తకాలు ఆయన వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి.

బిల్లు విషయంలో గట్టిగా ఉండండి. మాకిచ్చింది ‘ఎస్టిమేట్’ అని రాసిన చీటీ. వాపసు అడిగితే ‘తెరిచిన సెట్టు తీసుకోం’ అని ఫోను పెట్టేశారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపారం. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోననడమూ అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను ఆ చీటీ ఫొటో, తప్పులున్న పేజీల ఫొటోలు పెట్టి ఫిర్యాదు చేశాను.

ఇప్పటికే ఈ సెట్టు ఇంట్లో ఉన్నవాళ్ళు ఒక్క పని ఈ రోజే చెయ్యండి. నాలుగో భాగంలో సూర్యగ్రహణం పేజీ ఉంది, పాత ఎక్స్‌రే ఫిలిం గానీ మసి పట్టిన గాజుముక్క గానీ అడ్డం పెట్టుకుని చూడమని రాశారు. అది పిల్లల చూపు పోగొట్టే సలహా. రెటీనా కాలినా నొప్పి తెలియదు, పిల్లలు చూస్తూనే ఉండిపోతారు. ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి సరిపోయే గ్రహణం కళ్ళద్దాలు లేకుండా సూర్యుణ్ణి చూడకూడదని పిల్లలకి చెప్పి, ఆ పేజీ చింపెయ్యండి.