సీ30 కాలమ్: కొన్నేళ్ళు వాడాక నా మాట

కెరోటినాయిడ్ల (పసుపు, నారింజ రంగునిచ్చే పదార్థాల) కోసం హెచ్‌పీఎల్‌సీకి, అంటే ద్రవంతో నెట్టి పదార్థాల్ని విడదీసే యంత్రానికి, సీ30 కాలమ్ (30 కార్బన్ల గొలుసులున్న పొడి నింపిన గొట్టం) కొనాలా, ఉన్న సీ18తోనే (18 కార్బన్లది) నెట్టుకురావాలా అని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. గుడ్డు సొన, కోడి లివర్, కొవ్వు శాంపిళ్ళ మీద రెండూ వాడుతున్నా. సొన చేసేవాళ్ళైతే కొనండి. లివర్‌లో విటమిన్ ఏ, ఈ చూసుకుంటే చాలు అనుకునేవాళ్ళకి డబ్బు దండగ.

సొన పసుపులో పెద్ద వాటా ల్యూటిన్, జియాజాంథిన్ అనే కెరోటినాయిడ్లదే. రెండిటి ఫార్ములా ఒకటే, ఒక్క డబుల్ బాండ్ చోటు మారుతుందంతే, అందుకే మామూలు సీ18లో చాలాసార్లు అతుక్కుని ఒకే పీక్‌లా (గ్రాఫులో ఒకే శిఖరంలా) వస్తాయి. దాణాలో బంతిపూల సారం కలిపితే ల్యూటిన్ బాగా పెరుగుతుంది, మొక్కజొన్న ఎక్కువైతే జియాజాంథిన్ వాటా పెరుగుతుంది, కాబట్టి ఆ తేడా కావాలంటే ఈ రెండూ విడిపోవాల్సిందే. సీ30లో శుభ్రంగా విడిపోతాయి. 1994లో అమెరికాలోని నిస్ట్ (జాతీయ ప్రమాణాల సంస్థ) శాస్త్రవేత్తలు ఈ ఫేజ్‌ను (కాలమ్‌లో నింపే పదార్థాన్ని) తయారుచేసిందే కెరోటినాయిడ్ల కోసం, బీటా కెరోటిన్ సిస్, ట్రాన్స్ రూపాల్ని (ఒకే అణువు వంపు తేడాల్ని) కూడా విడదీస్తుంది.

ఇక చిరాకులు. రన్ పొడుగు, అరగంట దాటడం మామూలే. మొబైల్ ఫేజ్‌లో (కాలమ్ గుండా పారే ద్రవంలో) మిథనాల్‌తో పాటు ఎంటీబీఈ అనే ఈథర్ ద్రావకం పడుతుంది, దాని వాసన ఒక తలనొప్పి అయితే 55 డిగ్రీలకే మరిగే రకం కావడంతో మూత సరిగ్గా లేని సీసాలోంచి ఆవిరైపోయి పీకులు మెల్లగా జరిగిపోతుంటాయి. టెంపరేచర్ అంటే ఈ కాలమ్‌కి మహా పట్టింపు. వేడి చేయడమే తప్ప చల్లబరచలేని కాలమ్ ఓవెన్ ఉంటే మే నెలలో 20 డిగ్రీల దగ్గర నిలబెట్టడం కల.

లివర్ సంగతి వేరు. అందులో విటమిన్ ఏ ఎక్కువగా రెటినైల్ పామిటేట్ లాంటి ఎస్టర్లుగా ఉంటుంది, కేఓహెచ్‌తో (పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో) సపోనిఫై చేస్తే, అంటే ఎస్టర్లని విరగ్గొడితే, అన్నీ రెటినాల్ అయిపోతాయి. 325 నానోమీటర్ల కాంతి దగ్గర రెటినాల్, 292 దగ్గర ఆల్ఫా టోకోఫెరాల్ (విటమిన్ ఈ) చూసుకుంటే సీ18 మీద చకచకా పని అయిపోతుంది. ఫ్లోరెసెన్స్ డిటెక్టర్ ఉంటే టోకోఫెరాల్‌కి అదే వాడండి.

నిజానికి చాలామంది ఫలితాలు చెడేది కాలమ్ దగ్గర కాదు, అంతకు ముందే. పైరోగలాల్ లాంటి యాంటీ ఆక్సిడెంట్ కేఓహెచ్ కంటే ముందు పడాలి, లైటు మసకగా ఉండాలి. ఒట్టి హెక్సేన్‌తో తీస్తే ల్యూటిన్ పూర్తిగా రాదు, కాస్త ఈథర్ కలిపి చూడండి. సపోనిఫై చేసిన శాంపిల్‌లో విటమిన్ కె కోసం వెతక్కండి, క్షారంలో అది మిగలదు. రొయ్యలు చేసేవాళ్ళకి ఇంకో మెలిక: వాటి ఎర్ర రంగైన ఆస్టాజాంథిన్ కేఓహెచ్ తగిలితే ఆస్టాసీన్‌గా మారిపోతుంది, అక్కడ కేఓహెచ్ బదులు ఎంజైమే దిక్కు.

స్టాండర్డ్ (పోల్చడానికి వాడే శుద్ధ పదార్థం) బాటిల్ మీద రాసిన బరువును నేనైతే నమ్మను. ఇథనాల్‌లో కలిపి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి, రెటినాల్‌కి 325 దగ్గర 1835, ల్యూటిన్‌కి 445 దగ్గర 2550 అనే ఇ 1% విలువలతో (1% ద్రావణం ఒక సెంటీమీటరులో ఎంత కాంతి పీలుస్తుందో చెప్పే సంఖ్యలతో) అసలు గాఢత లెక్కేసుకుంటా. ఆరబెట్టిన సారాన్ని ఒట్టి మిథనాల్‌లో కలిపితే బీటా కెరోటిన్ గోడకే అంటుకుంటుంది, ఎంటీబీఈ మరీ ఎక్కువైతే ముందొచ్చే ల్యూటిన్ పీక్ రెండుగా చీలుతుంది, మధ్యలో ఎక్కడ ఆగాలో మీ శాంపిల్‌తోనే తేల్చుకోవాలి. అన్నట్టు, ఈ కాలమ్ చవక కాదు, గార్డ్ కాలమ్ (అసలు కాలమ్‌కి ముందు పెట్టే చిన్న రక్షణ కాలమ్) లేకుండా లివర్ శాంపిల్ మాత్రం ఎక్కించకండి.