గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్ సైకిల్ మీద: రోడ్డుకి 5, అద్దె సైకిల్‌కి 2

జులైలో నేనూ మా తమ్ముడూ మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కును సైకిళ్ళ మీద అడ్డంగా దాటాం. పడమటి వైపు ఆప్‌గార్‌లో మొదలుపెట్టి తూర్పున సెయింట్ మేరీలో తేలాం, మధ్యలో రెండు రాత్రులు టెంట్లో. వెళ్ళేముందు తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికితే కార్లో వెళ్ళినవాళ్ళ అనుభవాలే దొరికాయి, అందుకే ఇది రాస్తున్నా. రోడ్డుకీ, సైకిల్ వాళ్ళకి పార్కులో ఉన్న ఏర్పాట్లకీ నేను 5కి 5 ఇస్తాను. అద్దెకి తీసుకున్న సైకిల్‌కి 5కి 2, అది కూడా బ్రేకులు చాలా బాగున్నాయి కాబట్టి.

ముందు రోడ్డు సంగతి. మొత్తం సుమారు 50 మైళ్ళు, అంటే 80 కిలోమీటర్లు. మధ్యలో లోగన్ పాస్ అనే కనుమ, 6,646 అడుగుల ఎత్తు. మెక్‌డొనాల్డ్ సరస్సు ఒడ్డున మనం దాదాపు 3,150 అడుగుల దగ్గర ఉంటాం కాబట్టి ఎక్కాల్సింది 3,500 అడుగులు, అందులో చాలా భాగం లోగన్ క్రీక్ అనే వాగు దాటాకే వస్తుంది. ఈ రోడ్డు 1933లో ప్రారంభమైంది. మొదట జార్జ్ గుడ్‌విన్ అనే ఇంజనీరు 15 మెలికలు తిప్పుతూ కొండ ఎక్కించాలని ప్లాన్ వేశాడట, కానీ థామస్ వింట్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ దానికి ఒప్పుకోకుండా గార్డెన్ వాల్ అనే నిలువు కొండ పక్కనుంచి ఒకే ఒక్క మెలికతో తీసుకెళ్ళొచ్చని చెప్పాడు, చివరికి అదే కట్టారు. ఆ ఒక్క మెలికే ది లూప్. కారులో వెళ్ళేవాళ్ళకి ఇది చరిత్ర, సైకిల్ తొక్కేవాళ్ళకి మాత్రం కాళ్ళకి తెలిసే విషయం: లూప్ నుంచి పాస్ దాకా 8 మైళ్ళు, వాలు దాదాపు 6 శాతం, అలా ఒకే తీరుగా సాగుతుంది. ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేవదు, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి చదునూ ఇవ్వదు. ఒకసారి లయ దొరికితే అలా తొక్కుతూ పోవచ్చు. అందుకే గేరు అంత ముఖ్యం, ఆ సంగతికి వస్తాను.

అంతకంటే ముందు టైం రూల్ తెలియాలి. జూన్ 15 నుంచి లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాకా, ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు రెండు చోట్ల సైకిళ్ళు ఉండకూడదు: ఆప్‌గార్ నుంచి స్ప్రేగ్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ దాకా రెండు వైపులా, లోగన్ క్రీక్ నుంచి లోగన్ పాస్ దాకా ఎక్కే వైపు. అంటే పడమటి నుంచి ఎక్కేవాళ్ళు 11 కొట్టేలోపు పైన ఉండాలి. స్ప్రేగ్ క్రీక్ నుంచి లోగన్ క్రీక్‌కి 45 నిమిషాలు, అక్కణ్ణుంచి పాస్‌కి మూడు గంటలు పడుతుందని పార్కువాళ్ళే చెబుతారు. ఈ రూల్ చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఎక్కాక అర్థమైంది. రోడ్డు సన్నం, పక్కన ఖాళీ జాగా అనేది లేదు, ఎక్కేటప్పుడు మనం లోయ వైపు లేన్‌లో ఉంటాం, అంచున రాతి పిట్టగోడ తక్కువ ఎత్తులో ఉంటుంది. పాస్‌కి పడమట ఉన్న అవలాంచ్ నుంచి తూర్పున ఉన్న రైజింగ్ సన్ దాకా 21 అడుగుల కంటే పొడవైన, 8 అడుగుల కంటే వెడల్పైన బళ్ళని రానివ్వరు కాబట్టి పెద్ద ఆర్వీల (లోపలే పడుకునే వీలున్న బళ్ళ) భయం లేదు, అయినా తొమ్మిది దాటాక మన వెనక ఐదారు కార్లు వరసగా నెమ్మదిగా వస్తుంటే టెన్షన్ మామూలుగా ఉండదు. పొద్దున్నే వెళ్తే ఆ రోడ్డంతా మనదే.

అందుకే ముందు రోజే స్ప్రేగ్ క్రీక్ చేరుకుని అక్కడే పడుకున్నాం. కారు లేకుండా నడిచో సైకిల్ మీదో వచ్చేవాళ్ళ కోసం పార్కులోని చాలా క్యాంప్‌గ్రౌండ్లలో కొంత చోటు విడిగా ఉంచుతారు, హైకర్ బైకర్ సైట్ అంటారు. ఒకే చోటుని నలుగురైదుగురు పంచుకోవాలి, మనిషికి కొద్ది డాలర్లే. నాకు ఈ ట్రిప్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే. మా పక్కన టెంట్ వేసుకున్న పెద్దాయన ఒంటరిగా నెల రోజులుగా తొక్కుతున్నారు, నా సైకిల్ వెనక చక్రం దగ్గర వంగి గేరు పళ్ళు లెక్కపెట్టి, "రేపు ఇంకా ముందు బయల్దేరు" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు.

ఇప్పుడు సైకిల్. పార్కుకి దగ్గర్లోని ఒక షాపులో తీసుకున్నాం, పేరు రాయను. ఫోన్లో స్పష్టంగా చెప్పాను, టెంటూ సంచులూ కలిపి 15 కిలోల సామానుతో లోగన్ పాస్ ఎక్కుతున్నామని, టూరింగ్ సైకిలే ఇస్తామన్నారు. తీరా చూస్తే ఫ్రేమ్ టూరింగ్‌దే, గేర్లు మాత్రం రోడ్డు సైకిల్‌వి. చైను తిరిగే పళ్ళ చక్రాల్లో ముందు, పెడళ్ళ దగ్గరి చిన్న చక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి 28. సామానుతో 6 శాతం వాలు మీద నా బోటి మామూలు మనిషి గంటకి 7 కిలోమీటర్ల వేగంతో వెళ్తాడు. ఆ గేర్‌లో ఆ వేగానికి పెడల్ నిమిషానికి 45 సార్లే తిరుగుతుంది, అంటే ప్రతి తొక్కుకీ బరువంతా మోకాళ్ళ మీదే. అదే ముందు 26, వెనక 36 ఉంటే 75 సార్లు తిరిగేది, కాళ్ళు తేలిగ్గా ఆడేవి. తమ్ముడు తన సొంత సైకిల్ తెచ్చుకున్నాడు, వాడి గేర్లు అలాంటివే.

పొద్దున 5:45కి బయల్దేరాం. లూప్ దాకా నాకేం తెలియలేదు. ఆ తర్వాత కుడి మోకాలు పట్టేసింది. హేస్టాక్ క్రీక్ దగ్గర రెండుసార్లు దిగి నడిచాను. గార్డెన్ వాల్ నీడలో చలిగానే ఉంది, అయినా చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. వీపింగ్ వాల్ దగ్గర కొండ మీంచి నీళ్ళు రోడ్డు మీద పడుతుంటాయి, అవతలి లేన్‌లో దిగేవాళ్ళు తడుస్తూ నవ్వుతూ వెళ్తున్నారు, నేను మాత్రం గడియారం చూసుకుంటున్నా. తమ్ముడు ముందు వెళ్ళిపోకుండా ప్రతి మలుపులో ఆగి నిలబడ్డాడు. "అన్నా, ఇంకో మైలే, సంచి ఒకటి నాకివ్వు" అని బలవంతంగా నా వెనక సంచి విప్పి తన సైకిల్‌కి తగిలించుకున్నాడు. పైకి చేరేసరికి 10:50. వాడు నా సంచి కిందపెట్టకుండానే నన్ను గట్టిగా పట్టుకున్నాడు, ఇద్దరికీ మాట రాలేదు.

పైన బాత్రూములు, తాగేనీళ్ళు ఉన్నాయి, తిండి దొరకదు. మోసుకెళ్ళాలి. స్వెటరో జాకెట్టో కూడా సంచిలో పైనే పెట్టుకోండి, చెమట ఒంటితో దిగితే వణుకు పుడుతుంది. తూర్పు దిగుడులో సొరంగం 408 అడుగులు, లోపల చీకటి, వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఉండాలి. ఇక్కడే ఆ సైకిల్ డిస్క్ బ్రేకులు తమ సత్తా చూపించాయి, ఇంత బరువుతో అంత దిగుడులో ఒక్కసారి కూడా భయం వెయ్యలేదు. జాక్సన్ గ్లేసియర్ కనిపించే చోట తప్పకుండా ఆగండి. రెండో రాత్రి రైజింగ్ సన్‌లో.

ఎలుగుబంట్ల గురించి ఒక మాట. గ్రిజ్లీలూ (గోధుమరంగు ఎలుగులు), నల్ల ఎలుగులూ రెండూ ఉన్నాయి. నడిచేవాళ్ళ కంటే సైకిల్ వాళ్ళకి ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే మనం చప్పుడు లేకుండా వేగంగా వచ్చి మీద పడతాం. కనిపించని మలుపుల్లో గట్టిగా మాట్లాడుతూ వెళ్ళాలి. బేర్ స్ప్రే (మీదకొచ్చే ఎలుగు మీద కొట్టే కారం స్ప్రే) సంచిలో కాదు, చేతికి అందేలా హ్యాండిల్ దగ్గర కట్టుకోండి. విమానంలో దాన్ని తీసుకెళ్ళనివ్వరు, అక్కడికి వెళ్ళాకే కొనుక్కోవాలి. తిండి, టూత్‌పేస్ట్, సబ్బు ఏవీ టెంట్లో ఉంచకూడదు, వాటికోసం పెట్టిన ఇనప పెట్టెల్లో వెయ్యాలి.

సెయింట్ మేరీకి మా మరదలు కారు తీసుకొచ్చింది. సైకిల్ తిరిగి ఇచ్చేటప్పుడు షాపాయనతో గేర్ల సంగతి చెప్పాను, వాదించకుండా ఒక రోజు అద్దె తగ్గించారు, అది న్యాయంగానే అనిపించింది. మీరు అద్దెకి తీసుకుంటే "టూరింగ్ సైకిల్" అన్న మాట నమ్మకండి, ముందు చిన్న చక్రానికీ వెనక పెద్ద చక్రానికీ ఎన్ని పళ్ళో అడగండి, ఫొటో పంపమనండి. వెనక పళ్ళ సంఖ్య ముందు పళ్ళకి కనీసం సమానంగా లేకపోతే ఇంకో షాపు చూసుకోండి.

సెలవు దొరికితే మేం ఈసారి మే చివరలోనో జూన్ మొదట్లోనో వెళ్తాం. మంచు తీసే పని జరుగుతున్నంత కాలం పై భాగంలోకి కార్లని వదలరు, సైకిళ్ళని మాత్రం గేటు దాటి వెళ్ళనిస్తారు. ఎంత దూరం అన్నది మంచునీ పనివాళ్ళనీ బట్టి మారుతుంది, పనివాళ్ళు లేని శని ఆదివారాల్లో సాధారణంగా ఎక్కువ దూరం పోవచ్చు. బయల్దేరే రోజు పొద్దున పార్కు వెబ్‌సైట్‌లో ఎక్కడిదాకా తెరిచారో చూసుకుని వెళ్ళండి.